రెండు ముక్కల కీబోర్డు: మూడున్నర వేలలో, మీ చేత్తో మీరే

లాప్‌టాప్ మీద టైపు చేస్తున్న మనిషిని వెనక నిలబడి చూడండి. భుజాలు మూరెడు ఎడంగా ఉంటాయి. చేతులు మాత్రం జానెడు చోటు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. మోచేయి నుంచి లోపలికి వాలిన చెయ్యి అక్షరాల వరుసకు ఎదురుగా నిలవాలి కాబట్టి మణికట్టు దగ్గర మళ్లీ బయటికి, చిటికెన వేలి వైపు వంగుతుంది. అరచేతులు బల్లను చూడాలి కాబట్టి ముంజేతులు మెలిపడతాయి. పది నిమిషాల పనికి ఇదేమంత లెక్క కాదు. డీటీపీ, మీసేవ కౌంటరు, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్, కోడింగ్... ఇలా రోజుకు ఎనిమిది గంటలు కీబోర్డు మీదే బతికేవాళ్లకు మాత్రం సాయంత్రానికి మణికట్టు తన లెక్క తాను అడుగుతుంది.

మణికట్టు తిన్నగా ఉండాలంటే కీబోర్డును రెండుగా చీల్చి, ఒక్కో ముక్కను ఒక్కో భుజానికి ఎదురుగా పెట్టుకోవాలి. ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. 1926లోనే జర్మనీలో క్లాకెన్‌బర్గ్ అనే ఆయన టైపురైటర్ కీలను రెండు చేతులకూ పంచి విడదీయాలని పుస్తకం రాశాడు. 1994లో మైక్రోసాఫ్ట్ నడుమ విరిచినట్టుండే 'నేచురల్' కీబోర్డును మామూలు జనంలోకి తెచ్చింది. పూర్తిగా రెండు ముక్కలుగా ఉండేవి మాత్రం ఇప్పటికీ ఖరీదే. పేరున్న మూన్‌ల్యాండర్ ధర అమెరికాలోనే 365 డాలర్ల దగ్గర ఉంటుంది. దానికి రవాణా, సుంకం కలిపితే ఇక్కడ చాలామందికి ఒక నెల జీతం.

అదే పని చేసే కీబోర్డును మూడు, మూడున్నర వేలలో మీరే కట్టుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ చదువు అక్కర్లేదు. మూడు నాలుగు ఆదివారాలు, కాస్త ఓపిక కావాలి. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియడమే ఇందులో అసలు విద్య.

ముందు డాక్టరు, తర్వాత కోఠీ

చీలిన కీబోర్డు మణికట్టు వంపును తగ్గిస్తుంది. నొప్పి పోతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపేంత మంట ఉన్నా అది కార్పల్ టన్నెల్ లక్షణం కావచ్చు. అలాంటప్పుడు సోల్డరింగ్ ఐరన్ కొనకముందే డాక్టరుకు చూపించుకోండి. కుర్చీ ఎత్తు సరిచేసుకోవడం, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం లాంటి పైసా ఖర్చు లేని పనులు చేయకుండా కీబోర్డు ఒక్కదాన్నే మార్చినా పెద్దగా ఫలితం ఉండదు.

పైసా ఖర్చు లేని పరీక్ష

మీకు ఇది సరిపడుతుందో లేదో కట్టకముందే తెలుసుకోవచ్చు. ఇంట్లోనో ఆఫీసు స్టోర్‌రూమ్‌లోనో మూలన పడి ఉన్న రెండు యూఎస్‌బీ కీబోర్డులు తీసుకుని రెండింటినీ ఒకే కంప్యూటరుకు తగిలించండి. ఒకటి ఎడమ భుజానికి ఎదురుగా, ఇంకొకటి కుడి భుజానికి ఎదురుగా పెట్టండి. ఎడమ చేత్తో మొదటిదాని ఎడమ సగం, కుడి చేత్తో రెండోదాని కుడి సగం వాడండి. విండోస్, లినక్స్‌లలో ఎడమ కీబోర్డు మీద షిఫ్ట్ పట్టుకుని కుడి కీబోర్డు మీద అక్షరం కొడితే పెద్దక్షరమే వస్తుంది. మ్యాక్‌లో అలా రాదు, దానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. నంబర్ ప్యాడ్ లేని చిన్న కీబోర్డులైతే మేలు. పెద్దవైతే చేతులు భుజాలకన్నా ఎడంగా జరిగిపోతాయి.

వారం రోజులు ఇలా పని చేసి మూడు సంగతులు రాసిపెట్టుకోండి. చేతుల మధ్య ఎంత ఎడం ఉంటే హాయిగా ఉంది? స్పేస్‌బార్‌ను ఏ బొటనవేలితో కొడుతున్నారు? ఏ అక్షరానికి ఏ చెయ్యి అలవాటుగా పక్క సగంలోకి వెళ్తోంది? వారం తర్వాత కూడా చిరాకే తప్ప సుఖం లేదనిపిస్తే ఇక్కడితో ఆపేయండి. మీకు మూడున్నర వేలు మిగిలాయి.

ఎన్ని కీలు?

ఫొటోల్లో 34 కీల స్వీప్, 42 కీల కార్న్ అనే రెండు ముక్కల డిజైన్లు ముద్దొస్తాయి. తెలుగు టైపు చేసేవాళ్లు వాటిని చూసి మోజుపడే ముందు ఒక్క క్షణం ఆగాలి.

1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికనే చూడండి. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి కింద ఉంటాయి. హల్లుల్లో చాలా భాగం కుడి చేతి కింద ఉంటాయి. 'కి' కొట్టాలంటే కుడి చెయ్యి క, ఎడమ చెయ్యి గుడి. 'క్క' అంటే కుడి, ఎడమ, కుడి. చేతులు వంతులు వేసుకున్నట్టు సాగే ఈ పద్ధతి రెండు ముక్కల కీబోర్డుకు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. చిక్కల్లా అంచుల్లో ఉంది. 'డ' ఇంగ్లిష్ పి పక్క కీ మీద ఉంటుంది. వట్రసుడి అంకెల వరుస చివర ఉంటుంది. క్ష, త్ర లాంటి సంయుక్తాక్షరాలు షిఫ్ట్‌తో అంకెల కీల మీద ఉంటాయి. 34 కీల బోర్డులో ఇవేవీ నేరుగా దొరకవు. 42 కీలదాంట్లో పి పక్కన ఒక్క కీ దొరికినా దానికోసం 'డ', బ్యాక్‌స్పేస్ పోట్లాడుకుంటాయి.

అందుకే ఇన్‌స్క్రిప్ట్ వాళ్లకూ, డీటీపీలో పాత అమరికలకు అలవాటుపడ్డవాళ్లకూ నా సలహా 58 కీలు. లిలీ58, సోఫ్లే అనే పేర్లతో ఉచితంగా దొరికే డిజైన్లు దాదాపు ఈ లెక్కలోనే ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు, కోడింగ్ చేసేవాళ్లకు 42 చాలు.

ఇంకో అనుమానం తరచూ వినిపిస్తుంది: సొంతంగా కట్టినదాంట్లో తెలుగు వస్తుందా? కీబోర్డుకు ఏ భాషా రాదు. ఫలానా చోటి కీ నొక్కారని మాత్రమే అది కంప్యూటరుకు చెబుతుంది. దాన్ని 'క' చేయాలా 'కె' చేయాలా అన్నది విండోస్ చూసుకుంటుంది. కాబట్టి ఇవాళ మీరు వాడుతున్న తెలుగు పద్ధతి ఏదైనా రేపూ అలాగే పనిచేస్తుంది.

సామాను, ధరలు

హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీ, బెంగళూరులో ఎస్‌పీ రోడ్ ఇలాంటి సామానుకు పేరు. దూరంగా ఉండేవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ధరలు అటూ ఇటూ అవుతాయి, సుమారు లెక్క ఇది:

• రాస్ప్‌బెర్రీ పై పికో (ఏ కీ నొక్కారో కనిపెట్టి కంప్యూటరుకు చెప్పే చిన్న బోర్డులు) 2: రూ.800
• చెర్రీ ఎంఎక్స్ తరహా స్విచ్‌లు 60: రూ.1,200
• 1ఎన్4148 డయోడ్లు, వంద ప్యాకెట్: రూ.100
• కీ క్యాప్‌లు: రూ.600
• లేజర్‌తో కోయించిన పలకలు: రూ.400
• నాలుగు కాంటాక్టుల ఇయర్‌ఫోన్ తరహా 3.5 మి.మీ. సాకెట్లు 2, వాటికి కేబుల్: రూ.200

మొత్తం రూ.3,300. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ఇందులో కలపలేదు. 25 వాట్ల ఐరన్ చాలు. మీటరు పక్కింటి ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఒక పూటకు దొరుకుతుంది. తీగ కొనక్కర్లేదు. గోడల్లో వేసే లాన్ కేబుల్ మీటరు ముక్క చీలిస్తే ఎనిమిది రంగుల్లో ఒంటి పోగు రాగి తీగలు వస్తాయి. డయోడ్లు లెక్కపెట్టి 58 అడిగితే గల్లీలో నవ్వుతారు. "విడిగా ఇయ్యం అన్నా, వంద ప్యాకెట్ తీస్కో" అన్నాడు నాకు దొరికిన కుర్రాడు. అదే మంచిదైంది, సోల్డరింగ్‌లో అరడజను కాల్చేశాను.

ఇంకా తగ్గించాలంటే పాడైన మెకానికల్ కీబోర్డు ఒకటి వెతకండి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల పాత సామాను అమ్మేవాళ్లను అడగండి. కీ క్యాప్ పీకి చూస్తే స్విచ్ మీద కూడిక గుర్తు ఆకారపు కాడ కనిపించాలి. అది ఉంటే స్విచ్‌లు, క్యాప్‌లు రెండూ పనికొస్తాయి. స్విచ్‌లు చేత్తోనే ఊడివచ్చే రకమైతే అదృష్టం. సోల్డర్ చేసి ఉంటే 58 ఊడదీయడానికి ఒక రోజు పోతుంది.

పెట్టె, రంగు దీపాలు, చిన్న తెర... వీటి జోలికి ఇప్పుడు పోవద్దు. వేలు తాకేది స్విచ్‌ను, పని చేసేది పికో. డబ్బు ఆ రెండింటి మీదే పెట్టండి.

చేతికి కొలత

మామూలు కీబోర్డులో ఒక వరుస కింద ఇంకో వరుస కాస్త పక్కకు జరిగి ఉంటుంది. టైపురైటర్ లోపలి కడ్డీలు ఒకదానికొకటి తగలకుండా ఉండటానికి వచ్చిన ఏర్పాటు అది. కడ్డీలు పోయి ఎన్నో ఏళ్లయినా ఆ వంకర మిగిలిపోయింది. మీరు కట్టేదాంట్లో కీలను నిలువు వరుసల్లో పెట్టి, ఆ వరుసల్ని మీ వేళ్ల పొడవును బట్టి పైకీ కిందికీ జరపండి.

తెల్ల కాగితం మీద చెయ్యి సహజంగా ఆనించి వేళ్ల కొసల దగ్గర చుక్కలు పెట్టండి. నడిమి వేలి చుక్క అన్నిటికన్నా పైన, చిటికెన వేలిది బాగా కింద ఉంటుంది. ఆ చుక్కల మీదుగా ఆరు నిలువు వరుసలు, వరుసకు నాలుగు కీలు గీయండి. బొటనవేలు విప్పారినప్పుడు తాకే చోట ఐదు కీలు. మొత్తం 29. ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకు 19.05 మి.మీ. ఉండాలి. ఈ బొమ్మను అట్టముక్కకు అంటించి రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని ఉత్తుత్తిగా టైపు చేయండి. ఏ వేలు సాగుతోందో, ఏ వేలు ముడుచుకుంటోందో తెలుస్తుంది. అట్ట మీద తప్పు దిద్దుకోవడానికి రబ్బరు చాలు, అక్రిలిక్ మీద దిద్దుకోవాలంటే మళ్లీ నాలుగు వందలు.

తర్వాత నేమ్‌బోర్డులు చేసే షాపుకు వెళ్లండి. వాళ్ల దగ్గర లేజర్ యంత్రం, కోరల్‌డ్రా రెండూ ఉంటాయి. ఒక్కో స్విచ్‌కు 14 మి.మీ. చదరపు రంధ్రం కావాలి. లేజర్ కిరణం తానూ కాస్త తింటుంది కాబట్టి ముందు చెత్త ముక్క మీద 13.8, 13.9, 14 మి.మీ. రంధ్రాలు మూడు కోయించి స్విచ్ పెట్టి చూడండి. ఏది బిగువుగా పడితే అది ఖాయం. స్విచ్ చెవులు 1.5 మి.మీ. మందం పలకకే టక్కున పట్టుకుంటాయి. షాపుల్లో ఎక్కువగా దొరికే 3 మి.మీ. అక్రిలిక్‌కు అవి పట్టవు. అలాంటప్పుడు స్విచ్ వెనక పక్కన ఒక చుక్క హాట్ గ్లూ పెడితే సరిపోతుంది.

తీగల వల

ఒక్కో కీకి ఒక్కో తీగ వేయాలంటే ఒక ముక్కకే 29 పిన్నులు కావాలి. పికోకు వాడుకోదగ్గవి 26. అందుకే కీలన్నిటినీ వలలా కలుపుతారు. అడ్డం తీగలు ఐదు, నిలువు తీగలు ఆరు, మొత్తం 11 పిన్నులు. పికో ఒక్కో తీగకూ వంతులవారీగా విద్యుత్తు మార్చి మార్చి చూస్తూ ఏ కూడలిలో కీ నొక్కారో కనిపెడుతుంది.

ఈ వలలో మూడు కీలు ఒకేసారి నొక్కితే, అవి దీర్ఘచతురస్రంలో మూడు మూలలైతే, నొక్కని నాలుగో మూల కూడా నొక్కినట్టు కనిపిస్తుంది. ఆ దెయ్యాన్ని ఆపేది డయోడ్. కరెంటును అది ఒక వైపుకే పోనిస్తుంది. ప్రతి స్విచ్‌కూ ఒకటి కావాలి. డయోడ్ మీది నల్ల గీత అన్నిటికీ ఒకే వైపు, అడ్డం తీగ వైపు ఉండాలి. స్విచ్ ఒక కాలికి డయోడ్, డయోడ్ రెండో కొసకు అడ్డం తీగ, స్విచ్ రెండో కాలికి నిలువు తీగ. అడ్డం, నిలువు తీగలు దాటుకునే చోట తొడుగు ఉండాలి. లాన్ తీగను స్విచ్ కాలు తగిలే చోట మాత్రమే బ్లేడుతో గీరితే ఆ పని అయిపోయినట్టే.

సోల్డరింగ్ కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది: ఐరన్ కొసన సీసం కరిగించి తీగ మీద పూస్తారు. అది పట్టదు. ముందు ఐరన్‌తో తీగను, స్విచ్ కాలును రెండు సెకన్లు వేడి చేసి సీసాన్ని ఆ వేడి తీగకు తగిలించాలి. అప్పుడది పారి మెరుస్తూ అతుక్కుంటుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగాకే టీ గ్లాసు పట్టుకోండి. మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది.

ఇంకో ఉచ్చు ఉంది. సోల్డరింగ్ చేసేది పలక వెనక నుంచి. అక్కడ ఎడమ కుడి అవుతుంది. ముందే మార్కరుతో వెనక వైపు వరుసల అంకెలు రాసుకోండి. నేను రాసుకోలేదు. కుడి ముక్క మీద పి కొడితే యు వచ్చింది. ఊడదీయాల్సి వస్తుందేమో అని గుండె జారింది కానీ, ప్రోగ్రాంలో పిన్నుల వరుస తిరగేసి రాస్తే ఒక్క నిమిషంలో సరిపోయింది.

రెండు ముక్కలనూ కలిపే కేబుల్‌లో మూడు తీగలే పనిచేస్తాయి: కరెంటు, గ్రౌండ్, సమాచారం. కంప్యూటరుకు తగిలించి ఉండగా ఆ కేబుల్ పీకడం, గుచ్చడం ఎన్నడూ చేయవద్దు. సాకెట్‌లో జారుతున్నప్పుడు కొసలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతుంది, పికో కాలిపోవచ్చు. గుచ్చేటప్పుడు ఆ కేబుల్ ముందు, యూఎస్‌బీ తర్వాత. తీసేటప్పుడు యూఎస్‌బీ ముందు.

ప్రోగ్రాం, ఆఫీసు నిబంధనలు

కీబోర్డులకు ఉచితంగా దొరికే ప్రోగ్రాంలలో రెండు చెబుతాను. కేఎంకే తేలిక. పికో ఒక పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, అందులోని ఫైలు దిద్దితే చాలు. అక్కడే ఉద్యోగికి చిక్కు. చాలా కంపెనీల లాప్‌టాప్‌లలో పెన్‌డ్రైవ్‌లు నిషేధం. మీ కీబోర్డు తగిలించగానే భద్రతా విభాగానికి హెచ్చరిక వెళ్లి మీరు సంజాయిషీ రాసుకోవాల్సి రావచ్చు. ఆఫీసుకు తీసుకెళ్లేదైతే క్యూఎంకే వాడండి. అది కంప్యూటరుకు ఉత్త కీబోర్డుగానే కనిపిస్తుంది.

క్యూఎంకేలో మీరు రాయాల్సింది ఏ పిన్నుకు ఏ వరుస, ఏ చోట ఏ కీ అన్న పట్టిక. రెండు ముక్కల మధ్య ఒకే సమాచారపు తీగ వాడితే, పికోకు సీరియల్ డ్రైవర్ 'వెండర్' అని పెట్టడం మరవద్దు. అది లేకపోతే ఒక ముక్క పలుకుతుంది, రెండోది మూగది. యూఎస్‌బీ ఎడమ ముక్కకే తగిలించాలని క్యూఎంకే మామూలుగా అనుకుంటుంది, అలాగే చేయండి. తయారైన ఫైలును ఎక్కించాలంటే పికో మీది తెల్ల బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ గుచ్చితే డ్రైవ్ ఒకటి తెరుచుకుంటుంది, ఫైలు అందులో వేయాలి. ఒకే ఫైలు రెండు పికోలకూ. ఇదంతా ఇంటి కంప్యూటరు మీదే చేయండి. అమరిక కీబోర్డులోనే దాగి ఉంటుంది కాబట్టి ఆఫీసు లాప్‌టాప్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అయినా మొదటి రోజు ఐటీ వాళ్లకు ఒక మెయిల్ పెట్టండి. తీగలు బయటికి కనిపించే పరికరాన్ని బల్ల మీద చూసి కంగారుపడే హక్కు వాళ్లకు ఉంది.

మొదటి రెండు వారాలు

వేగం సగానికి పడిపోతుంది. ఇన్నాళ్లూ చేతులు దాచుకున్న దొంగ అలవాట్లు బయటపడతాయి. ఇంగ్లిష్ బి ఎడమ ముక్కలో, వై కుడి ముక్కలో ఉంటాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో అవి వ, బ. 'వ'ను కుడి చూపుడు వేలితో కొట్టే అలవాటున్నవాళ్లకు మొదటి రోజంతా వేలు గాలిని పొడుస్తుంది.

ఆఫీసులో గడువు ముంచుకొస్తున్న వారంలో మార్చకండి. సాయంత్రం ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు మొదలుపెట్టి, చేతికి వచ్చిందనిపించాకే ఆఫీసుకు తీసుకెళ్లండి. పాత కీబోర్డు సొరుగులో సిద్ధంగా ఉంచుకోండి. అక్షరాల అమరిక మాత్రం పాతదే ఉంచండి. కొత్త ఆకారం, కొత్త అమరిక రెండూ ఒకేసారి నేర్చుకోబోతే రెండూ చేజారతాయి.

వారం గడిచాక రెండు ముక్కల లోపలి అంచుల కింద ఒక్కో పాత పుస్తకం పెట్టి, అరచేతులు కాస్త ఒకదాన్నొకటి చూసుకునేలా వంచండి. ముంజేతి మెలి సడలేది అప్పుడే. ఒకేసారి ఎత్తు పెంచకుండా పలచని పుస్తకంతో మొదలుపెట్టండి.

నా దాంట్లో ఐదో నెలలో 'ర' మొరాయించింది. ఒకసారి కొడితే రెండుసార్లు పడేది. కొన్న కీబోర్డైతే సర్వీస్ సెంటరు, వారంటీ కార్డు, కొరియర్. మధ్యాహ్నం భోజనాల వేళ హాట్ గ్లూ గీకి, రెండు టంకాలు వదిలించి, మిగిలిన రెండు స్విచ్‌లలో ఒకటి బిగించాను. ఇరవై రూపాయలు, ఇరవై నిమిషాలు. చేత్తో కట్టినదాని అసలు పొదుపు కొన్న రోజు కంటే అలాంటి రోజున ఎక్కువ తెలుస్తుంది.

ఈ ఆదివారానికి మాత్రం ఏమీ కొనకండి. మూలన పడ్డ రెండో కీబోర్డు దుమ్ము దులిపి తగిలించండి, భుజాలకు ఎదురుగా పెట్టండి, సోమవారం నుంచి పనంతా ఆ రెండింటి మీదే చేయండి. కోఠీకి వెళ్లాలో వద్దో వచ్చే ఆదివారానికి మీ మణికట్టే చెబుతుంది.